762 పక్కన చుక్కగుర్తు ఉండాలా?

ముందు ఒక చిన్న లెక్క. అమెరికా బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో అత్యధిక హోమ్‌రన్ల రికార్డును 1927లో బేబ్ రూత్ 60 దగ్గర నిలబెట్టాడు. దాన్ని దాటడానికి 34 ఏళ్లు పట్టింది. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టాడు. ఆ 61 మరో 37 ఏళ్లు చెక్కుచెదరలేదు. అంటే 1927 నుంచి 1997 దాకా 71 సీజన్లలో 60 అందుకున్నవాళ్లు ఇద్దరే.

తర్వాత 1998 నుంచి 2001 వరకు, నాలుగే నాలుగు సీజన్లలో, 61 దాటడం ఆరుసార్లు జరిగింది. మార్క్ మెక్‌గ్వయర్ 70, 65. శామీ సోసా 66, 63, 64. బారీ బాండ్స్ 73. ఆపైన మళ్లీ నిశ్శబ్దం. 2022లో ఆరన్ జడ్జ్ 62 కొట్టేదాకా ఆ గీత ఎవరూ దాటలేదు.

మన ఊరి చెరువు డెబ్బై ఏళ్లలో రెండుసార్లే అలుగు పారి, ఉన్నట్టుండి నాలుగేళ్లలో ఆరుసార్లు పారిందనుకోండి. వానలు ఎక్కువయ్యాయా, లేక పైన ఎవరైనా గండి కొట్టారా అని రచ్చబండ మీద కూర్చున్న ముసలాయన కూడా అడుగుతాడు. అమెరికాలో ఆ ప్రశ్నను గట్టిగా అడగడానికి ఏళ్లు పట్టింది. జవాబు చెప్పడానికి ఇంకా ఎక్కువ పట్టింది. సరైన జవాబు ఇప్పటికీ దొరకలేదని నా అభిప్రాయం.

శీర్షికలోని 762 బాండ్స్ కెరీర్ హోమ్‌రన్ల లెక్క. నేను బాండ్స్ అభిమానిని. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఇక్కడి లెక్కలు చదివేటప్పుడు మీకు పనికొస్తుంది.

1998 సెప్టెంబరు 8. వై2కె పుణ్యమా అని అమెరికా వచ్చిపడ్డ మా బ్యాచ్ నలుగురం సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంటులో సర్దుకుని ఉంటున్న రోజులు. బేస్‌బాల్ ఓనమాలు ఎవరికీ రావు. వంటింట్లో కుక్కర్ కూతలు, హాల్లో టీవీ. సెయింట్ లూయిస్‌లో మెక్‌గ్వయర్ కొట్టిన బంతి ఎడమవైపు గోడ అంచును రాసుకుంటూ బయటపడింది. 341 అడుగులు. ఆ సీజన్‌లో అతను కొట్టిన 70లో అదే అతి పొట్టిది, అదే అతి పెద్ద వార్త: 62వది, మారిస్ రికార్డు బద్దలు. సంబరంలో మొదటి బేస్ తొక్కడం మరిచిపోయి వెనక్కి వచ్చి తొక్కాడు. ప్రత్యర్థి జట్టులో రైట్ ఫీల్డ్‌లో ఉన్న సోసా పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. స్టాండ్స్‌లో మారిస్ పిల్లలు. నియమాలు తెలియని మేమూ లేచి నిలబడ్డాం. ఆ రాత్రి అన్నం మాడింది.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఈ అంకెల బరువు చెప్పాలి. హోమ్‌రన్ అంటే సిక్సర్ లాంటిదే, కానీ అంత చవకగా రాదు. పిచ్చర్ 18.44 మీటర్ల దూరం నుంచి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసురుతాడు, బంతి నేలను తాకకుండానే వస్తుంది. బ్యాట్ గుండ్రంగా ఉంటుంది. మ్యాచ్‌కు ఒక బ్యాటర్‌కి నాలుగైదు అవకాశాలు మాత్రమే. పదిసార్లకు మూడుసార్లు హిట్ సాధిస్తే అతను మేటి బ్యాటర్ కింద లెక్క. ఇలా సీజన్‌కు 162 మ్యాచ్‌లు. వందేళ్లకు పైగా ఆట పెద్దగా మారలేదు కాబట్టి తాత చూసిన అంకెను మనవడు చూసిన అంకెతో పోల్చవచ్చన్నది అభిమానుల నమ్మకం. బ్రాడ్‌మన్ పేరు చెప్పగానే మనకు 99.94 గుర్తొచ్చినట్టు, కెరీర్ హోమ్‌రన్లలో రూత్ అంటే 714, హ్యాంక్ ఆరన్ అంటే 755 అని అక్కడ బడిపిల్లలు కూడా చెప్పేవారు. కండ పెంచే స్టెరాయిడ్ల గొడవ అంత పెద్దదవడానికి కారణం ఆటగాళ్ల ఆరోగ్యం కాదు. ఆ అంకెలు.

ఇంతకీ ఆ మందు ఏం చేస్తుంది? 1990ల మొదట్లో "స్టెరాయిడ్లు వాడితే బలం రాదు, ఒంట్లో నీరు చేరుతుందంతే" అని వాదించిన వైద్యులు ఉండేవారు. భారత సంతతి వైద్యుడు శలేందర్ భసీన్ బృందం 1996లో ప్రచురించిన ప్రయోగం ఆ వాదానికి ముగింపు పలికింది. పరీక్షకు వచ్చిన మగవాళ్లను నాలుగు గుంపులు చేసి పది వారాలు చూశారు. ఉత్తుత్తి మందు తీసుకుని వ్యాయామం చేసినవాళ్లకు కొవ్వు కాని శరీర బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ తీసుకుని, వ్యాయామం అసలే చేయనివాళ్లకు 3 కిలోలకు పైగా పెరిగింది! సూదీ వ్యాయామమూ రెండూ ఉన్నవాళ్లకు 6 కిలోలు. సోఫాలో కూర్చుని సూది వేయించుకున్నవాడికి, చెమటోడ్చినవాడికంటే కండ ఎక్కువ పట్టిందన్నమాట. ఇంకో లాభం, అలసిన కండ త్వరగా కోలుకుంటుంది. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడేవాడికి ఇదే పెద్ద వరం.

కండ ఉన్నంత మాత్రాన బంతి తగులుతుందా అని అభిమానులు అడుగుతారు. నేనూ అడిగేవాణ్ణి. కంటిచూపు, ఒడుపు సూదితో రావు. నిజమే. కానీ అప్పటికే ఒడుపు ఉన్నవాడి సంగతి వేరు. టఫ్ట్స్ యూనివర్సిటీ భౌతికశాస్త్రవేత్త రోజర్ టోబిన్ ఈ లెక్క కట్టాడు. కండ 10 శాతం పెరిగితే బ్యాట్ వేగం సుమారు 5 శాతం పెరుగుతుంది. బ్యాట్ మీద నుంచి వెళ్లే బంతి వేగం 4 శాతం పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ హోమ్‌రన్ అనేది గోడ దాటిందా లేదా అన్న ఒక్క ప్రశ్న. గోడకు నాలుగడుగుల ముందు ఫీల్డర్ చేతిలో పడే బంతులు ప్రతి బ్యాటర్‌కీ ఏటా బోలెడుంటాయి. ఆ 4 శాతం వాటన్నిటినీ గోడ అవతలికి నెడుతుంది. టోబిన్ లెక్కలో హోమ్‌రన్లు 50 నుంచి 100 శాతం పెరగవచ్చు. వేగంలో పిసరంత తేడా ఫలితంలో రెట్టింపు తేడా అవుతుందన్నమాట. ఈ గొడవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన లెక్క ఇదే.

ఇప్పుడు మా బాండ్స్ దగ్గరికి వద్దాం.

1986 నుంచి 1998 వరకు 13 సీజన్లలో అతను 411 హోమ్‌రన్లు కొట్టాడు, సగటున 16 బంతుల వాటాకు ఒకటి. 'బంతుల వాటా' అని నేను అంటున్నది అధికారికంగా లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాన్ని. సీజన్‌లో మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డులు మూడు అప్పటికే ఇంట్లో ఉన్నాయి. 400 హోమ్‌రన్లు, 400 స్టోలెన్ బేస్‌లు (పరుగుతో దొంగిలించే బేస్‌లు) రెండూ సాధించిన మొట్టమొదటి ఆటగాడు అయ్యింది 1998 ఆగస్టులోనే. ఆ వార్త ఎవరికీ పట్టలేదు, దేశం మొత్తం మెక్‌గ్వయర్, సోసాల వెంట పరుగెడుతోంది. తనకంటే తక్కువ ఆటగాళ్లు మందుతో దేవుళ్లయిపోతుంటే చూసి ఓర్చుకోలేకే బాండ్స్ అటు తిరిగాడని, 2006లో ఇద్దరు శాన్‌ఫ్రాన్సిస్కో విలేకరులు 'గేమ్ ఆఫ్ షాడోస్' పుస్తకంలో రాశారు.

1999 నుంచి 2004 వరకు ఆరు సీజన్లు చూడండి. 292 హోమ్‌రన్లు, 8.5 వాటాలకు ఒకటి. 2001లో అయితే 476 వాటాల్లో 73, అంటే ఆరున్నరకు ఒకటి. అప్పుడతని వయసు 37 నిండింది. 2000కు ముందు అతని అత్యుత్తమ సీజన్ 46. ఆటగాళ్లు ఇంటికి వెళ్లే వయసులో ఇతను తన పాత వేగాన్ని దాదాపు రెట్టింపు చేశాడు. 37 నుంచి 40 ఏళ్ల మధ్య వరుసగా నాలుగు ఎంవీపీలు, మొత్తం ఏడు. 2004లో అతనికి భయపడి ప్రత్యర్థులు కొట్టడానికి వీలైన బంతి వేయకుండా కావాలనే మొదటి బేస్‌కు నడిపించి పంపింది 120 సార్లు. అతను రాకముందు ఆ రికార్డు 45.

ఆ రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో మైదానంలో కూర్చున్నవాళ్లకు తెలుసు. అతను బ్యాట్ పట్టుకుని వస్తుంటే ఐస్‌క్రీం అమ్మేవాడు కూడా ఆగిపోయేవాడు. రైట్ ఫీల్డ్ గోడ వెనక సముద్రపు పాయలో చిన్న పడవలేసుకుని జనం బంతి కోసం కాచుకు కూర్చునేవారు. అదంతా అబద్ధమా అంటే నేను అవుననలేను. నిజమా అంటే అదీ అనలేను.

అయితే అంకెలను చూసి తీర్పు చెప్పేముందు మూడు ముళ్లు దాటాలి. నన్నే చాలా కాలం గుచ్చాయి.

మొదటిది, వయసు. హ్యాంక్ ఆరన్ కెరీర్‌లో అత్యుత్తమ సీజన్ 47 హోమ్‌రన్లు. అది అతని 37వ ఏట, 1971లో వచ్చింది. బంతి బాగా ఎగిరే అట్లాంటా మైదానానికి జట్టు మారడం అందుకు సాయపడింది. లేటు వయసులో పేలడం అరుదే కానీ అసాధ్యం కాదు.

రెండోది, లీగ్ మొత్తం లెక్క. స్టెరాయిడ్ల యుగానికి శిఖరం అనదగ్గ 2000 సీజన్‌లో అన్ని జట్లూ కలిసి 5,693 హోమ్‌రన్లు కొట్టాయి. మూత్ర పరీక్షలు, రక్త పరీక్షలు, కఠిన శిక్షలు అన్నీ అమల్లో ఉన్న 2019లో ఎన్ని కొట్టాయనుకుంటున్నారు? 6,776. లీగే నియమించిన శాస్త్రవేత్తలు చూసి, బంతి కుట్ల ఎత్తు కాస్త తగ్గడంతో గాలి నిరోధం తగ్గిందని తేల్చారు. బంతిని పైకి లేపి కొట్టే కొత్త శైలి కూడా తోడైంది. కుట్లలో వెంట్రుకవాసి తేడా వెయ్యి హోమ్‌రన్లను తెచ్చిపెట్టగలిగితే, 1990ల పెరుగుదలంతా సూది పుణ్యమేనని ఎలా అంటాం? 1993లో రెండు, 1998లో మరో రెండు జట్లు కొత్తగా చేరాయి. అంతకుముందు చోటు దక్కని పిచ్చర్లు బరిలోకి వచ్చారు. కొత్త మైదానాలు వచ్చాయి, అందులో ఒకటి మైలు ఎత్తున్న డెన్వర్‌లో.

మూడోది, వాడినవాళ్లందరూ హోమ్‌రన్ వీరులు కారు. 2005 ఏప్రిల్‌లో కొత్త డోప్ పరీక్షల విధానం కింద మొదట సస్పెండైన ఆటగాడు అలెక్స్ శాంచెజ్. సన్నగా ఉండే పరుగుల మనిషి, కెరీర్ మొత్తంలో పది హోమ్‌రన్లు కూడా లేవు. పట్టుబడ్డవాళ్లలో పిచ్చర్లూ చాలామందే. అంటే బాండ్స్‌కి బంతి విసిరినవాళ్లలోనూ కొందరు అదే మందు మీద ఉండొచ్చు. దొంగ దొంగకు ఎదురుపడితే ఆ రికార్డును ఎవరి ఖాతాలో రాయాలి?

కాబట్టి అంకెలు అనుమానాన్ని పుట్టిస్తాయి, మనిషిని పట్టివ్వవు. పట్టించాల్సింది పరీక్ష. ఆ పరీక్ష ఎందుకు లేదన్నదే అసలు కథ.

డాక్టర్ చీటీ లేకుండా స్టెరాయిడ్లు దగ్గర పెట్టుకోవడం నేరమని అమెరికా పార్లమెంటు 1990లో చట్టం చేసింది. 1991లో అప్పటి బేస్‌బాల్ కమిషనర్ ఫే విన్సెంట్ ఇవి మన ఆటలోనూ నిషిద్ధమే అంటూ జట్లకు ఉత్తరం పంపాడు. ఉత్తరమైతే వెళ్లింది కానీ పరీక్ష మాత్రం లేదు. మూత్రం అడగాలంటే ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోవాలి, యూనియన్ వ్యక్తిగత గోప్యత అంది. యజమానులు కూడా ఆ విషయం మీద పెద్దగా పట్టుబట్టలేదు. (మనకేమీ కొత్త కాదు. మన క్రికెట్ బోర్డు కూడా ఆటగాళ్లను జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరిధిలోకి రానివ్వకుండా ఏళ్లపాటు మొండికేసి, 2019 ఆగస్టులో గానీ ఒప్పుకోలేదు.)

యజమానులు ఎందుకు పట్టుబట్టలేదో ఇంకో రెండు అంకెలు చెబుతాయి. 1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మె చేశారు. ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు, 1904 తర్వాత అదే మొదటిసారి. అలిగిన జనం మైదానానికి రావడం మానేశారు. మ్యాచ్‌కు సగటున 31 వేలున్న ప్రేక్షకులు 1995లో 25 వేలకు పడిపోయారు. ఐదుగురిలో ఒకరు మాయం. వాళ్లను తిరిగి రప్పించింది 1998 వేసవి. మా గదిలో నలుగురిని లేపి నిలబెట్టినట్టే దేశాన్ని నిలబెట్టింది. 1992లో సుమారు 120 కోట్ల డాలర్లున్న లీగ్ ఆదాయం 2007కి 600 కోట్లు దాటింది. బంగారు గుడ్డు పెట్టే కోడికి ఎవరు ఏం మేపుతున్నారో చూడాలని ఎవరికీ అనిపించలేదు.

చూసిన విలేకరి ఒకడున్నాడు. 1998 ఆగస్టులో ఏపీ వార్తాసంస్థకు చెందిన స్టీవ్ విల్‌స్టీన్, మెక్‌గ్వయర్ లాకర్‌లో ఆండ్రోస్టెనిడియోన్ సీసా కనిపించిందని రాశాడు. ఒలింపిక్స్‌లోనూ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లోనూ నిషిద్ధం. బేస్‌బాల్‌లో కాదు, అప్పట్లో దుకాణాల్లో బాహాటంగా అమ్మేవారు. తిట్లు ఎవరికి పడ్డాయి? విల్‌స్టీన్‌కే. ఒకరి లాకర్‌లోకి తొంగిచూడటం మర్యాదేనా అని.

2002లో కెన్ కమినిటి, తన 1996 ఎంవీపీ సీజన్‌లో స్టెరాయిడ్లు వాడానని ఒక పత్రికకు చెప్పేశాక గానీ యూనియన్ దిగిరాలేదు. అప్పుడు కుదిరిన ఒప్పందం కూడా వింతే. 2003లో పేర్లు బయటపెట్టకుండా అందరినీ పరీక్షిస్తారు. 5 శాతం కంటే ఎక్కువమంది పట్టుబడితేనే మరుసటి ఏడు నుంచి అసలు పరీక్షలు, శిక్షలు. షికాగో వైట్ సాక్స్‌లో కొందరు ఆటగాళ్లు ఒక పథకం వేశారు. పరీక్షకు నిరాకరిస్తే పట్టుబడ్డట్టే లెక్క కాబట్టి, తామంతా నిరాకరించి ఆ 5 శాతాన్ని దాటించేద్దామని. మందు ముట్టనివాళ్లు పరీక్షలు తెప్పించడం కోసం దొంగల జాబితాలో చేరడానికి సిద్ధపడ్డారు. యూనియన్ వాళ్లను వెనక్కి లాగింది. చివరికి వాళ్ల అవసరం లేకుండానే 5 నుంచి 7 శాతం మధ్య పట్టుబడ్డారు. పరీక్ష ఉంటుందని ముందే తెలిసి కూడా! పరీక్ష లేని రోజుల్లో ఎంత ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆపైన శిక్షలు మెట్లు మెట్లుగా పెరిగాయి. 2004లో మొదటిసారి దొరికితే చికిత్స, అంతే. 2005లో 10 రోజుల సస్పెన్షన్. 2006లో 50 మ్యాచ్‌లు, రెండోసారి 100, మూడోసారి జీవితకాలం. 2014 నుంచి మొదటిదానికే 80, రెండోదానికి 162, అంటే ఏడాది మొత్తం. చికిత్స నుంచి 80 మ్యాచ్‌లకు పదేళ్లు.

పరీక్ష అన్నంత మాత్రాన అంతా తేలిపోదు. మామూలు మనిషి మూత్రంలో టెస్టోస్టిరాన్, దాని జంట పదార్థం ఎపిటెస్టోస్టిరాన్ దాదాపు సమానంగా ఉంటాయి. మొదటిది నాలుగు రెట్లు దాటితే అనుమానిస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం పక్కనే బర్లింగేమ్‌లో ఉన్న బాల్కో అనే ప్రయోగశాల వాళ్లు ఏం చేశారంటే, రెండూ కలిపిన లేపనం తయారుచేశారు. రెండూ పెరుగుతాయి, నిష్పత్తి చెడదు! లెక్కల మాస్టారికి రావాల్సిన ఆలోచన. వాళ్ల దగ్గరే 'క్లియర్' అనే మరో మందు ఉండేది, ఏ పరీక్షలోనూ కనబడని స్టెరాయిడ్. 2003లో ఒక అథ్లెటిక్స్ కోచ్ వాడేసిన సిరంజి ఒకటి డోపింగ్ నిరోధక సంస్థకు పంపితే, లాస్ ఏంజెలిస్‌లో డాన్ కాట్లిన్ అనే శాస్త్రవేత్త దాని గుట్టు విప్పాడు. ఆ సెప్టెంబరులో బాల్కో మీద దాడి జరిగింది. వినియోగదారుల్లో బాండ్స్ శిక్షకుడు ఉన్నాడు. గ్రాండ్ జ్యూరీ ముందు బాండ్స్, అది అవిసె నూనె అనుకున్నానని, కీళ్లనొప్పుల లేపనం అనుకున్నానని చెప్పాడు. అభిమానిని కాబట్టి నమ్మాలని చాలా ప్రయత్నించాను. తన ఒంట్లోకి పోయే ప్రతి గింజ లెక్కా తెలిసిన మనిషి అతను. నావల్ల కాలేదు. కోర్టు 2011లో న్యాయవిచారణకు ఆటంకం కలిగించాడని దోషిగా తేల్చింది, పైకోర్టు 2015లో దాన్ని కొట్టేసింది. చట్టం దృష్టిలో ఇవాళ అతని మీద ఏమీ లేదు.

2007 డిసెంబరు 13న మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 409 పేజీల నివేదిక ఇచ్చాడు. 89 మంది ఆటగాళ్ల పేర్లు. ఈ 89ని వాడినవాళ్ల సంఖ్యగా చాలామంది చదివారు, అది పొరపాటు. నివేదికకు ప్రధాన ఆధారం న్యూయార్క్‌కు చెందిన ఇద్దరు. ఒకడు జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో పనిచేసి మందులు సరఫరా చేసినవాడు, ఇంకొకడు మేటి పిచ్చర్ రోజర్ క్లెమెన్స్ శిక్షకుడు. కాబట్టి అది ముఖ్యంగా ఆ ఇద్దరి చిట్టా పద్దు. మూడో సరఫరాదారు నోరు విప్పి ఉంటే మరో 89 వచ్చేవేమో. ఆడుతున్న ఆటగాళ్లలో తనంతట తానుగా వెళ్లి మిచెల్‌తో మాట్లాడినవాడు ఒక్కడే, ఫ్రాంక్ థామస్.

ఆ పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు కూపర్స్‌టౌన్ వెళ్తున్నాం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. సీనియర్ క్రీడా విలేకరుల్లో 75 శాతం ఓట్లు వస్తేనే ప్రవేశం. 1998 చివరికి 500 హోమ్‌రన్లు కొట్టినవాళ్లు 15 మంది. తర్వాతి పదిన్నరేళ్లలో మరో పదిమంది చేరారు: మెక్‌గ్వయర్, బాండ్స్, సోసా, పల్మేరో, గ్రిఫీ జూనియర్, రోడ్రిగెజ్, థామస్, జిమ్ తోమి, రామిరెజ్, షెఫీల్డ్. పాత రోజుల్లో 500 అంటే తలుపు దానంతటదే తెరుచుకునేది. ఈ పదిమందిలో లోపలికి వెళ్లింది ముగ్గురు. గ్రిఫీ, థామస్, తోమి.

2022లో, తన పదో, చివరి అవకాశంలో, బాండ్స్‌కు 394 ఓట్లలో 260 వచ్చాయి. 66 శాతం. 36 ఓట్లు తక్కువ. క్లెమెన్స్ 65.2. అదే రోజు డేవిడ్ ఓర్టిజ్ మొదటి ప్రయత్నంలోనే 77.9 శాతంతో గెలిచాడు. 2003 నాటి రహస్య పరీక్షల జాబితాలో ఓర్టిజ్ పేరుందని న్యూయార్క్ టైమ్స్ 2009లో రాసింది. ఆ జాబితాలో ఉన్న 104 పేర్లలో కనీసం పదింటి విషయంలో శాస్త్రీయ సందేహాలున్నాయని కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ తర్వాత చెప్పాడు. ఓర్టిజ్ తాను ఏ తప్పూ చేయలేదంటాడు. కావచ్చు. కానీ అధికారికంగా ఎప్పుడూ డోప్ పరీక్షలో శిక్ష పడనివాడు బాండ్స్ కూడా. ఒకడు నవ్వుతూ విలేకరుల భుజం తట్టేవాడు, ఇంకొకడు మొహం చిట్లించుకునేవాడు. ఆ 36 ఓట్లలో ఇది ఎన్నిటికి కారణమో ఎవరూ లెక్క కట్టలేరు, ఒకటీ లేదని మాత్రం నేను నమ్మను.

ఇంకా కడుపుమండే అంకె ఇంకోటుంది. 1992 నుంచి తాత్కాలికంగా, 1998 నుంచి పూర్తిస్థాయిలో కమిషనర్‌గా ఉండి ఈ యుగం మొత్తానికి పెద్దరికం వహించిన బడ్ సీలిగ్. 2016 డిసెంబరులో, విలేకరుల ఓటుకు బయట ఉన్నవాళ్లను చూసే ప్రత్యేక కమిటీ అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకుంది. 16 ఓట్లకు 15. పంట మీద లాభం తీసుకున్న ఆసామికి సన్మానం, ఆ పొలంలో కలుపు ఉందని కూలీకి శిక్ష.

ఆటగాళ్లందరూ అమాయకులని అనడంలేదు. నష్టపోయినవాడు నిజంగా ఉన్నాడు, పేరు ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్. ఏ వివాదంలోనూ అతని పేరు లేదు. 493 హోమ్‌రన్లు. 1980లలో అది ఆకాశమంత అంకె. కానీ చుట్టూ అందరూ ఏటా 50, 60 కొడుతుంటే అతని 35 ఎవరికీ ఆనలేదు. విలేకరుల పదేళ్ల ఓటింగ్‌లో ఒక్కసారీ 40 శాతం దాటలేదు. 2022 డిసెంబరులో కమిటీ ముందుకు వెళితే 16కి 16 ఓట్లు వేసి లోపలికి పిలిచారు. అప్పటికి అతనికి 59 ఏళ్లు. మా బాండ్స్ నేరం ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే, ఆరన్ రికార్డు పేరు చెప్పను. మెక్‌గ్రిఫ్ పోగొట్టుకున్న ఏళ్లను చూపిస్తాను.

మరి ఏం చేయాలి? నా గీత 2004 దగ్గర ఉంది. పరీక్షా శిక్షా లేని రోజుల్లో వాడినవాళ్లది తప్పే, చట్టం దృష్టిలో కూడా. కానీ కాపలావాడే గేటు తీసిపెట్టి నిద్ర నటించిన కాలమది. వాళ్లను వాళ్ల కాలంతో పాటు లోపలికి తీసుకోవాలి. పరీక్షలు వచ్చాక, శిక్ష ఎంతో తెలిసి వాడినవాళ్ల సంగతి వేరు. 2005 మార్చిలో పార్లమెంటు కమిటీ ముందు వేలు చూపించి మరీ తానెన్నడూ వాడలేదన్న పల్మేరో, అదే ఆగస్టులో దొరికిపోయాడు. రామిరెజ్ రెండుసార్లు దొరికాడు. 2009లో ఒకసారి ఒప్పుకుని క్షమాపణ చెప్పిన రోడ్రిగెజ్‌కి 2014 సీజన్ మొత్తం నిషేధం పడింది. వాళ్లు బయటే ఉండాలి. ఈ గీతలో లోపాలున్నాయని తెలుసు. ఒక బాల్కో వినియోగదారుడు 2003లో మంచివాడు, 2005లో చెడ్డవాడు అవుతాడా అని మా అబ్బాయి నన్ను నిలదీస్తుంటాడు. ఆట నియమాలంటేనే గీతలురా అంటాను. వాడు ఒప్పుకోడు.

ఇక చుక్కగుర్తు, అంటే ఈ రికార్డు మామూలుది కాదని పక్కన పెట్టే గుర్తు సంగతి. 1961లో మారిస్ రూత్ రికార్డుకేసి పరుగెడుతుండగానే, రూత్ ఆడిన సీజన్ 154 మ్యాచ్‌లది, ఇతనిది 162 కాబట్టి రెండు రికార్డులనూ వేరువేరుగా చూపాలని కమిషనర్ అన్నాడు. ఆ తేడాను తీసేయడానికి 30 ఏళ్లు పట్టింది, అప్పటికి మారిస్ లేడు. 2007 ఆగస్టులో బాండ్స్ ఆరన్‌ను దాటిన 756వ బంతిని మార్క్ ఎకో అనే ఫ్యాషన్ వ్యాపారి 7,52,467 డాలర్లకు కొని, దాన్ని ఏం చేయాలో జనాన్నే ఓటడిగాడు. జనం చెప్పినట్టే దాని మీద చుక్కగుర్తు చెక్కించి హాల్ ఆఫ్ ఫేమ్‌కు పంపాడు. అది మ్యూజియంలో ఉంది. నాకు ఆ గుర్తు వద్దు. అదేం చెప్పదు, కన్నుకొట్టి ఊరుకుంటుంది. దాని బదులు కంచు ఫలకం మీద మూడు వాక్యాలు రాయమంటాను: 762 హోమ్‌రన్లు, 7 ఎంవీపీలు. బాల్కో కేసులో పేరు. అతను ఆడిన కాలంలో ఎక్కువ భాగం ఆటలో పరీక్షలు లేవు.

ఆ ఫలకం దగ్గర్లో వచ్చేలా లేదు. 2025 డిసెంబరులో 16 మంది కమిటీ మరోసారి ఓటేసింది. కావాల్సింది 12. బాండ్స్‌కు, క్లెమెన్స్‌కు ఐదేసి కూడా రాలేదు. కొత్త నియమం ప్రకారం ఐదుకు తగ్గినవాళ్లు 2028 ఓటింగ్‌కు అనర్హులు. మళ్లీ పేరు రాగలిగేది 2031లో, అప్పుడూ ఐదు రాకపోతే ఇక శాశ్వతంగా లేదు. ఆ డిసెంబరుకి బాండ్స్ వయసు 67.